జేబు మీది రొయ్య

నెల్లూరు వెళ్ళి వచ్చానని తెలిసినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, చేపల పులుసు తిన్నావా అని. తినలేదు. మా ఇంట్లో చేప ముట్టరు. పోనీ సముద్రమైనా చూశావా అంటే, చూశాను గానీ అంతకంటే ఎక్కువసేపు మగవాళ్ళ ప్యాంట్ల వెనక జేబులనే చూశాను. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళ మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. అందుకే ముందు సంగతేమిటో చెప్పేస్తాను.

మాది రాయదుర్గం. ఏ సందులోకి తిరిగినా కుట్టుమిషన్ల చప్పుడే. జీన్సు ప్యాంట్లు కుట్టి ఊళ్ళకు పంపడమే మా బతుకు. మాకూ ఒక చిన్న షెడ్డు ఉంది, మా ప్యాంటుకు ‘బ్లూ కొండ’ అని ఒక పేరూ ఉంది. వెనక జేబు మీద పసుపు దారంతో ఒక వంపు కుడతాం. ఎడమ మూలలో మొదలై, కొండలా లేచి, కుడివైపు దిగి, చివర చిన్న తోకలా వెనక్కి తిరుగుతుంది. కొండ మా ఆయన గీసింది, మా ఊరి కొండే. తోకను మాత్రం ఎవరూ గీయలేదు. మొదట్లో మాకున్న పాత మిషను మీద వరస చివర దారం ఊడి వచ్చేసేది. ఊడకుండా మా ఆయన గుడ్డను వెనక్కి తిప్పి నాలుగు కుట్లు వేసేవాడు. తర్వాత మంచి మిషన్లు కొన్నాం, అయినా తోక లేకపోతే ప్యాంటు బోసిగా కనిపించి అలాగే ఉంచేశాం.

ఈ వేసవిలో ముంబయి కంపెనీ ఒకటి మా మీద కేసు వేసింది. ఆ వంపూ ఆ తోకా వాళ్ళ ట్రేడ్‌మార్కట. రిజిస్టరు చేయించుకున్నారట. మేము కాపీ కొట్టామట. కేసు తేలేదాకా ఆ కుట్టు ఎక్కడా వేయకూడదని కోర్టు ఆర్డరు వచ్చింది. కుట్టిన సరుకంతా మూటల్లో ఉండిపోయింది. మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి మిషన్లు తుడిచి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా కూర్చునేవాళ్ళు. అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్నేమో, అడగకపోవడమే భరించలేకపోయాను. మా ఆయన అన్నం ముందు కూర్చుని కలిపి లేచిపోయేవాడు.

“వాళ్ళు మార్కెట్లోకి రాకముందే మీరీ కుట్టు వేసేవాళ్ళని చూపించాలమ్మా” అన్నారు అనంతపురంలో మా లాయరు గారు. “బిల్లుల్లో ప్యాంటు అని ఉంటుంది గానీ జేబు మీద తోక ఉందని ఉండదు కదా! పాత ప్యాంటు ఒకటి పట్టుకురండి. అది ఎప్పటిదో చూసినవాళ్ళకి తెలిసేట్టుండాలి.”

పాత ప్యాంటు మా దగ్గరెందుకుంటుంది? ఉంటే అమ్ముకునేవాళ్ళం కదా. ఆ తొలి రోజుల సరుకంతా నెల్లూరు వ్యాపారి ఒకాయన తీసుకునేవాడు. మా ఆయనకు బీపీ. కాబట్టి నేనే బయల్దేరాను.

నెల్లూరులో ఒరిజినల్

ఆ వ్యాపారి పోయి చాలా కాలమైందట. ఆయన కొట్టులో ఇప్పుడు కొడుకు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. మనిషి మాత్రం మర్యాదస్తుడు. ఎండన పడి వచ్చానని పక్క హోటల్నుంచి కారం దోశ తెప్పించాడు. మా వైపు ఉగ్గానిలో మిరపకాయ బజ్జీ నంజుకునేవాళ్ళం మేమే కారానికి మొనగాళ్ళమనుకుంటాం. ఆ దోశ రెండో ముక్కకే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కారానికి వచ్చినవని అతను అనుకున్నందుకు సంతోషించాను.

“నాయన పొయినాక బట్టలు తీసేసినాం అక్కా. పాత సరుకు ఒక్కటీ లేదు” అన్నాడు. “మీ ప్యాంట్లు టౌన్లో ఎవురు గొన్నారు? అంతా మైపాడు రోడ్డెంబడి పొయ్యేది, రొయ్యల గుంటలోళ్ళకి. మీ గుడ్డ చినగదని వాళ్ళు ఇంకోటి ఏసుకునేవాళ్ళు గాదు.”

బస్టాండుకు నడుస్తుంటే అద్దాల షాపు ఒకటి కనిపించింది. అద్దం వెనక బొమ్మ నాకు వీపు చూపిస్తూ నిలబడింది. జేబు మీద మా కొండ, మా తోక. లోపలికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. ప్యాంటు చేతికిచ్చిన కుర్రవాడు, “తీసుకోక్కా, ఇది ఒరిజినలు. రాయదుర్గంలో దీనికి డూప్లికేట్లు కుడతా ఉండారంట, చూసి కొనుక్కోవాల” అన్నాడు. ధర చూస్తే మా ప్యాంట్లు మూడు వస్తాయి. జేబు తిరగేసి చూశాను. తోక ముత్యంలా ఉంది. కానీ వాళ్ళ మిషన్లు దారాన్ని అవే ముడివేసి అవే కత్తిరించుకుంటాయి. వాళ్ళకు తోకతో పనేముంది?

అదే మాట ఆ అబ్బాయిని అడిగాను. 

“పనేందక్కా, స్టయిలు” అన్నాడు.

కోర్టులో కూడా ఇంత తేలిగ్గా తేల్చేస్తారేమోనని మొదటిసారి గట్టిగా భయమేసింది.

మైపాడు బస్సులో జేబుదొంగ

మైపాడు బస్సులో నిలబడ్డాను. నా ముందు జీన్సు వేసుకున్న మగవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి జేబూ చూసుకుంటూ ముందుకు జరిగాను. ఒకాయన వెనక పసుపు దారం ఏదో కనిపిస్తే వంగి చూడబోయాను.

“ఏమ్మా! పెద్దమనిషి లాగుండావు, ఆయన జేబు మీద కన్నేసినావేంది?” అని వెనక సీట్లోంచి ఒకామె కేక పెట్టింది.

బస్సులో ఉన్న మగవాళ్ళందరి చేతులూ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. ఎవరి పర్సు వాళ్ళు తడుముకున్నారు. కండక్టరు గంట కొట్టి బస్సు ఆపాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పేరు మోసిన షెడ్డు యజమానురాలిని, కాపీ కొట్టిన దొంగనని ఒకచోట, జేబులు కొట్టే దొంగనని ఇంకోచోట! ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. 

“నేను ప్యాంటు వెతుక్కుంటున్నానయ్యా! బ్లూ కొండ ప్యాంటు!” అని అరిచాను.

బ్లూ కొండ పేరు ఎవరూ వినలేదు. నీలం కొండా అన్నారొకరు. అది ఏ ఊరు అన్నారు ఇంకొకరు. ఇంత కాలం లేబుళ్ళ మీద ఆ పేరు అచ్చు వేయించి నడుము పట్టీకి అతికించినదంతా ఎవరు చదివారు? చేసేది లేక బస్సు అద్దం మీద పేరుకున్న దుమ్ములో వేలితో గీశాను. వంపు, దిగుడు, చివర తోక.

కేకపెట్టినామె లేచి వచ్చి చూసింది. మొహం విప్పారింది.

“ఓ, రొయ్య ప్యాంటా! అట్ట చెప్పబళ్ళా?”

“రొయ్యేంటమ్మా?”

“నువ్వు గీసిందేంది మరి? రొయ్యే గదా!”

ఇక చూడాలి. మా నాయన ఏసేవాడని ఒకరు, నా పెళ్ళప్పుడు అదే ప్యాంటని ఒకరు, బస్సంతా రొయ్య ప్యాంటు గురించే మాట్లాడింది. ఆ కంపెనీ పేరు కూడా పుట్టకముందు నుంచీ, దుకాణంలో “రొయ్య ప్యాంటియ్యి” అని అడిగి కొన్నారట. కండక్టరు మళ్ళీ గంట కొట్టాడు. కేకపెట్టినామె పక్కకు జరిగి నాకు సీటిచ్చింది, పులిబొంగరాల పొట్లం విప్పి చేతిలో పెట్టింది. 

నేను అవి తింటూ ఒకటే ఆలోచించాను. మేము కొండనుకుని కుట్టాం. వీళ్ళు రొయ్యనుకుని కొన్నారు. నేనసలు రొయ్యను ఎప్పుడూ చూడలేదు.

జేబుల్లేని ప్యాంట్లు

మైపాడులో సముద్రం ఒడ్డున గుడిసె హోటల్లో పెరుగన్నం అడిగితే వడ్డించే ఆమె నన్ను వింతగా చూసింది. “చేప తినకుండా మైపాడుకి ఎందుకొచ్చినట్టు?” అని, పాపం, మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చింది. డెబ్బై రూపాయలు తీసుకుంది. చేపల కూరతో అయినా అదే ధరట, తిననివాళ్ళకు తగ్గింపు లేదు. మా ఊళ్ళో నీళ్ళ బిందె కోసం వరసలో నిలబడే దాన్ని నేను. కళ్ళ ముందు అన్ని నీళ్ళు ఉండి చుక్క తాగడానికి పనికిరావంటే మనసొప్పలేదు. అలలు వచ్చి పాదాలు తడిపాయి. ఇంకొకసారైతే పిల్లలా గంతులు వేసేదాన్ని.

ఆ పక్కనే రొయ్యల గుంటలు. దూరం నుంచి చూస్తే నీళ్ళు నింపిన వరిమళ్ళలా ఉన్నాయి. గట్టు మీద కాపలా మనిషి ఒకాయన, శీనయ్యట పేరు, మేత చల్లుతున్నాడు. వెలిసి తెల్లబడ్డ ప్యాంటు. నడుము పట్టీ కుట్టు చూడగానే గుర్తుపట్టాను, అది మాదే! తొలి రోజుల్లో ఆ పట్టీ అంచును రెండు వరసలు కుట్టేవాళ్ళం. గబగబా నడవబోయి గట్టు మీద జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

“అన్నా, కొంచెం వెనక్కి తిరుగు!”

ఆయన కంగారుగా తిరిగాడు. వెనక జేబుల్లేవు. జేబులుండాల్సిన చోట, ఎండ తగలని గుడ్డ రెండు ముక్కలు, అప్పుడే అద్దకం నుంచి తీసినంత ముదురు నీలంగా ఉన్నాయి. జేబు ఆకారమంతా ఉంది, జేబు లేదు.

“ఎనక జేబులు ఏం జేసుకునేదానికక్కా?” అన్నాడు శీనయ్య. “గుంటలో దిగితే నీళ్ళు నిండతాయి, బురద నిండతాది. గట్టు మీద కూసుంటే తడి. కొన్న రోజే పీకిచ్చేస్తాం. ఈడ అందరూ అంతే.”

నిజంగా అందరూ అంతే. ఆ సాయంత్రందాకా ఒంటి చెప్పుతో గట్టు గట్టూ తిరిగాను. మా ప్యాంట్లు కనిపించాయి, ఆకారాలు కనిపించాయి. ఒక్క జేబు కనిపించలేదు. తల ప్రాణం తోకకొచ్చిందంటారే, నాకైతే తోక దొరక్కుండానే వచ్చింది.

అంతలో మా ఆయన ఫోను. “దొరికిందా?” అన్నాడు. ఆ గొంతు విని లేదనలేకపోయాను. దొరికేట్టుందన్నాను. ఫోను పెట్టేశాక గట్టు మీదే కూర్చుండిపోయాను. శీనయ్య ఏమనుకున్నాడో, దగ్గరకొచ్చి, “పీకిన జేబులు మేం పారెయ్యం అక్కా” అన్నాడు. “ఇందుకూరుపేట దోవలో రూతమ్మని మిషను కుట్టే ఆమె. ఆమె కాడే పీకిస్తాం. డబ్బులు తీసుకోదు, కూలి కింద ఆ జేబులే ఉంచుకుంటాది. ఆమెని అడగబళ్ళా?”

రూతమ్మ గారి వరండా

రూతమ్మ గారికి మా అమ్మ వయసుంటుంది. వరండాలో కాలి మిషను, దాని చుట్టూ జేబులు. గోడకు జేబులు కలిపి కుట్టిన గుడ్డ వేలాడుతోంది, ఒక అరలో దువ్వెన, ఇంకో అరలో మందుబిళ్ళలు. పొయ్యి దగ్గర గిన్నె దించుకునే గుడ్డ కూడా జేబే. అన్నీ వెతికాను. తోక ఉన్నవి కొన్ని దొరికాయి గానీ అన్నీ మేము ఈమధ్య వేరే కొట్లకు పంపిన సరుకువే.

“పాతవి దాచిపెట్టుకునేదానికి అవేమన్నా నగలా?” అంది ఆమె. “ఇంతకీ ఏంది నీ బాధ?”

చెప్పాను. కేసు, ఆర్డరు, మూటలు, కలిపి వదిలేసిన అన్నం, అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. అంతా విని, “రొయ్యని నువ్వెప్పుడూ చూడలేదా?” అంది. ఇదా అడిగేది! పక్కింటి బుట్టలోంచి ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. మాంసం వాసన కూడా పడని దాన్ని, చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగిపోయాను. వీపు కొండలా లేచింది. కుడివైపు దిగింది. చివర తోక వెనక్కి తిరిగింది. అచ్చం మా ఆయన కుట్టే. 

“రేపు ఆదివారం, మందిరానికి రా” అంది రూతమ్మ గారు. “ఆడ ఒకటుండాది.”

కానుక సంచి

చిన్న మందిరం, సున్నం గోడలు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. మా గుడిలో హుండీ ఒకచోట ఉంటుంది, మనమే వెళ్ళి వేస్తాం. ఇక్కడ పాట పాడుతుండగా సంచి ఒకటి చేతులు మారుతూ అందరి దగ్గరకూ వస్తుంది. అది దగ్గరకు వస్తున్నకొద్దీ మెడ చాచి చూశాను.

రెండు జీన్సు జేబులు వీపుకు వీపు కలిపి, నోటికి ఎర్ర పట్టీ కుట్టిన సంచి. రెండువైపులా పసుపు రొయ్య. నా వంతు వచ్చింది. నోటు లోపల వేసి, బొటనవేలితో తోకను తడిమాను. నాలుగు కుట్లు, దారం బిగలాగడంతో అక్కడ గుడ్డ కాస్త ముడుచుకుంది. మా ఆయన చెయ్యి. పక్కనున్నామె సంచి కోసం చేయి చాపింది. నేను వదల్లేదు. ఆమె నెమ్మదిగా నా వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

ఆరాధన అయ్యాక రూతమ్మ గారు గోడకున్న ఫోటో చూపించింది. మందిరం తెరిచిన రోజు తీసింది. మెట్ల మీద జనం, ముందు వరసలో సంఘ పెద్ద, ఆయన చేతిలో ఇదే సంచి, దాని మీద స్పష్టంగా రొయ్య. ఫోటో అడుగున అచ్చు వేసిన తేదీ ఉంది. ఆ కంపెనీ అప్పటికి పుట్టలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మళ్ళీ పోయింది, ఎందుకంటే ఇప్పుడు ఆ సంచి అడగాలి.

ఫోటో కాపీ తీసుకొమ్మన్నారు పాస్టరు గారు. కుట్టు చేత్తో పట్టి చూపించాలంటే సంచి కూడా కావాలన్నాను. ఫోటోలో ఉన్న సంఘ పెద్ద ఇప్పుడు బాగా ముసలివాడు, కర్ర పట్టుకుని లేచాడు.

“దేవుడి సంచి కోర్టుకు పొయ్యేదేందమ్మా? రేపు వాళ్ళు ఎనక్కి ఇయ్యకపోతే?”

ఇస్తారని చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధమాడే చోటు కాదది. “ఎప్పుడిస్తారో నాకు తెలీదు పెద్దాయనా” అన్నాను. “అది లేకపోతే మాత్రం మేము దొంగలమని తేలిపోతుంది.”

ఆయన సంచి వైపు చూశాడు, గుమ్మం బయట విడిచిన నా ఒంటి చెప్పు వైపు చూశాడు. “సంచి లేకుండా వచ్చే ఆదివారం ఎట్టా జరిగేది? దీనికి మారు అచ్చం ఇట్టాటిదే కుట్టిచ్చి తీసకపో” అన్నాడు.

అందరం రూతమ్మ గారి వరండాకు నడిచాం. నేను మిషను ముందు కూర్చున్నాను. ఏ కుట్టూ లేని సాదా జేబులు రెండు ఏరి దుమ్ము దులిపాను. పసుపు దారం ఎక్కించాను. జేబు సూది కింద పెట్టి, పాదం కదపబోయి ఆగిపోయాను. ఆర్డరు గుర్తొచ్చింది. కేసు తేలేదాకా ఈ కుట్టు ఎక్కడా వేయకూడదు.

“కుట్టవేందమ్మా?” అన్నాడు పెద్దాయన.

“రొయ్య లేకుండా కుట్టి ఇస్తాను” అన్నాను. 

“రొయ్య లేకుండా అచ్చం ఇట్టాటిది ఎట్టయితాది?”

ఇక్కడ ఎవరు చూడొచ్చారని మనసు లాగింది. రాయదుర్గం ఎక్కడ, ఈ వరండా ఎక్కడ! కానీ ఈ కొత్త సంచిని రేపు ఆ కంపెనీ లాయరు చేత్తో పట్టుకుని, ఇదిగో ఆర్డరు వచ్చాక కూడా కుట్టారు చూడండి అంటున్నట్టే కనిపించింది. జేబును సూది కింద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నా సొంత కుట్టు నేను వేయలేక, పది మంది ముందు కూర్చుని ఏడ్చాను.

రూతమ్మ గారు నా భుజం తట్టింది.

“ఆర్డరు ఎవురి పేరు మీదొచ్చింది?”

“మా ఆయన పేరు, నా పేరు.”

“నా పేరు లేదు గదా?”

“లేదు.”

“అయితే లే.”

ఆమె కూర్చుని పాత సంచిని పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టింది. వంపు మా ఆయన వేసినంత నున్నగా రాలేదు. కొండ దిగింది. వరస చివరకొచ్చేసరికి ఆమె పాత మిషను దారాన్ని వదిలేసింది. ఊడకుండా ఆమె గుడ్డను వెనక్కి తిప్పి నాలుగు కుట్లు వేసింది. 

అప్పుడామె పాత సంచి వైపు చూడలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. తోక దానంతటదే వచ్చింది.

ఇంటి దగ్గర

పాత సంచి నాకిచ్చారు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తోక మీద వేలు పెట్టి, “అప్పట్లో దారం మరీ బిగించేవాణ్ణి” అన్నాడు. ఆ పూట అన్నం తిన్నాడు. సంచి నోట్లో ఎర్ర పట్టీ మడతలో ఇంకా ఒక రూపాయి బిళ్ళ ఇరుక్కుని ఉంది, దాన్ని తీయవద్దన్నారు లాయరు గారు, ఉన్నది ఉన్నట్టే కోర్టుకు చూపించాలట. బస్సులో జనం రొయ్య ప్యాంటు అన్నారని చెబితే ఆయన కలం పక్కన పెట్టి, ట్రేడ్‌మార్కంటే అదేనమ్మా, జనం గుర్తుపట్టడమే అన్నారు. గెలుస్తామా అంటే మాత్రం, చూద్దాం అన్నారు. వాయిదా ఒకసారి జరిగింది, ఇంకోసారి ఉంది. మూటలు అలాగే ఉన్నాయి. షెడ్డులో సాదా జేబులు కుడుతున్నాం, పనివాళ్ళు వరస చివర అలవాటుగా గుడ్డ తిప్పబోయి నాలిక కరుచుకుంటున్నారు.

ఫోను మోగితే చాలు, లాయరు గారేమోనని భయం. ఆదివారం మధ్యాహ్నం మోగితే మాత్రం భయం లేదు, అది రూతమ్మ గారే. ప్రతిసారీ ఒకటే అడుగుతుంది.

“మా రొయ్యని ఇంకా ఇడిసిపెట్టలేదా కోర్టోళ్ళు?”

లేదు రూతమ్మ గారూ, ఇంకా లేదు అంటాను. ఆ రొయ్య ఎవరిదని కోర్టులో ఇంత గొడవ జరుగుతుంటే ఆమె ‘మా రొయ్య’ అంటుంది. నేను సరిదిద్దను.